బొగ్గు నేలలో ప్రార్థన : ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

గోదావరిఖని అను పేరులో రెండు మాటలున్నవి. ఒకటి నది, మరియొకటి గని. నది భూమిపై ప్రవహించును. గని భూమి అడుగున ఉండును. ఈ రెండింటి నడుమ కాపురముండు జనులలో ప్రార్థన ఎరుగని ఇల్లు అరుదు. తెల్లవారుజామున అజాను వినబడును. దాని వెనుక గుడిగంట, ఆదివారము నాడు చర్చి గంట. వీటన్నిటి నడుమ షిఫ్టు సైరను. ఇక్కడి తల్లులు సైరను విని పొయ్యి రాజేసినట్లే, సైరను విని దేవుని తలచుకొనుటయు అలవాటైనది.

మన కళాశాల సంచిక ఉర్దూ, తెలుగు పుటలతో ఒకే అట్ట క్రింద వెలువడును. ఈ సంచికలో క్రైస్తవుల ప్రార్థనను గూర్చి వ్రాయుటలో మా ఉద్దేశము మతప్రచారము కాదు. ప్రక్కింటివారు పండుగనాడు ఏమి వండుకొందురో మనకు తెలియును. కష్టము వచ్చిన రాత్రి వారు దేవునితో ఏమి మాటలాడుదురో అంతగా తెలియదు. ఆ తెలియనిది కొంత తెలిసిన యెడల పొరుగుతనము గట్టిపడునని మా నమ్మకము.

మేము బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టి, ఈ సీమలోని చిన్న చర్చిలో అక్షరములతోపాటు ప్రార్థన నేర్చుకొన్నవారము. చిన్ననాటి నుండి మమ్ములను వెంబడించుచున్న ప్రశ్న ఒకటి కలదు. ఒకే రాత్రి, ఒకే గని ముందర, ఇద్దరు స్త్రీలు ఒకే కోరికతో మొరపెట్టుకొన్నారు. ఒకరి భర్త తిరిగివచ్చెను. మరొకరి భర్త రాలేదు. అప్పుడు ప్రార్థన యనగా ఏమి? దేవుడు వినుట యనగా ఏమి? ఈ వ్యాసములో ఆ ప్రశ్నను మాకు చేతనైనంత నిజాయితీగా పరిశీలింప దలచినాము.

బొగ్గుతో వచ్చినవారు

ముందుగా కొంత చరిత్ర. భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు పరిసరములలో బొగ్గును కనుగొనెను. 1889లో అక్కడ తవ్వకము మొదలైనది. ఆ ప్రాంతపు సింగరేణి గ్రామము పేరుతోనే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. తరువాత కొత్తగూడెము, బెల్లంపల్లి ప్రాంతములకు గనులు విస్తరించినవి. 1960 దశకములో రామగుండము ప్రక్కనున్న గోదావరి తీరమున గనులు పెరిగి, పల్లెలున్నచోట పట్టణము లేచినది. నాడు కరీంనగరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతము 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది.

పని వెదకుకొనుచు తెలంగాణ పల్లెల నుండి, ఆంధ్ర జిల్లాల నుండి, ఇతర రాష్ట్రముల నుండి జనులు వచ్చినారు. భూమి లేనివారు, అప్పులపాలైనవారు, వెట్టిని వదలి వచ్చినవారు వారిలో ఉన్నారు. వారిలోనే క్రైస్తవ కుటుంబములును కలవు. ఇనుప పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక బైబిలు, ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము: ఇదియే వారి ఆస్తి. చదువురాని తల్లులకు సహితము పురుషోత్తమ చౌదరి మొదలైన భక్తకవుల కీర్తనలు కంఠస్థములు. 1803 నుండి 1890 వరకు జీవించిన ఆ కవి పాటలు ఒక బోధకుని సాయము లేకయే పల్లె నుండి గనికి నడచివచ్చినవని చెప్పవచ్చును.

ఈ సీమకు చేరువనున్న రెండు దేవాలయములను ఇక్కడ తలచుకొనవలెను. మొదటిది మెదకులోనిది. 1914లో కరవు రోజులలో చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మిషనరీ దాని నిర్మాణము తలపెట్టెను. ఆకలిగొన్నవారికి పని చూపి, ఆ పనికి అన్నము పెట్టుట అందలి ఉద్దేశము. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించినారు. రెండవది డోర్నకల్లులోనిది. ఇల్లందు బొగ్గు రైలుమార్గము కలియు జంక్షను డోర్నకల్లే. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. గుడి స్తంభములను, మసీదు గుమ్మటములను తలపించు శిల్పము అందులో కలిసి ఉన్నది. ఈ నేలలోని భక్తి పొరుగువారి భక్తికి వెన్ను చూపి నిలువలేదనుటకు ఆ కట్టడము సాక్షి.

మరియొక సంబంధము మా పాఠకులలో కొందరికి క్రొత్తగా తోచవచ్చును. మెదకుకు వచ్చిన వెస్లియన్ సంఘపు మూలములు కూడ బొగ్గుగనులలోనే ఉన్నవి. 1739లో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరము ప్రక్కన కింగ్స్‌వుడ్ అనుచోట బొగ్గు కార్మికులు మురికివారని, మోటువారని సంఘము దూరముగా ఉంచిన రోజులలో జార్జి వైట్‌ఫీల్డు, ఆయన వెనుక జాన్ వెస్లీ ఆరుబయట నిలిచి వారికి బోధించినారు. వినుచున్నవారి నల్లని చెక్కిళ్లపై కన్నీరు తెల్లని చారలు తీసెనని వైట్‌ఫీల్డు గుర్తుచేసికొనెను. ఆ పిమ్మట వారి పిల్లల కొరకు అక్కడ పాఠశాల వెలసినది. కావున మన గనుల కాలనీలో మోకరించు కార్మికుడు పరాయి ఇంట అడుగుపెట్టినవాడు కాడు. ఆ ప్రార్థనకు మొదటినుండి బొగ్గు మసి అంటియే ఉన్నది.

యోబు గ్రంథములోని గని

బైబిలులో గనుల ప్రస్తావన ఉన్నదా అని విద్యార్థులు అడుగుదురు. ఉన్నది. అదియు కష్టములను గూర్చిన గ్రంథమైన యోబు గ్రంథములోనే ఉన్నది. ముస్లిం మిత్రులు హజ్రత్ అయ్యూబ్ అని గౌరవించు భక్తుడే ఈ యోబు.

ఆ గ్రంథపు 28వ అధ్యాయమును గని కార్మికుని బిడ్డ చదివిన యెడల తన తండ్రి పనిని చదివినట్లే ఉండును. మనుష్యుడు చీకటికి హద్దు పెట్టి భూమి లోలోతులను వెదకును. జనులు నివసించు చోటికి దూరముగా సొరంగము త్రవ్వును. మనుష్యులు మరచిన చోట వ్రేలాడుచు పనిచేయును. డేగ కన్ను కూడ చూడని త్రోవ అది. పర్వతములను మొదళ్లతో పెకలించును. రాతిలో కాలువలు తీయును. నీరు ఊరకుండునట్లు ఊటలకు కట్ట వేయును. గనిలో నీటితో పోరాడినవారికి ఈ చివరి మాట ఎంత నిజమో తెలియును.

ఇంతయు చెప్పి ఆ కవి అకస్మాత్తుగా వేరొక ప్రశ్న వేయును. వెండి దొరకు చోటు తెలిసినది, ఇనుము దొరకు చోటు తెలిసినది. జ్ఞానము ఎక్కడ దొరకును? అగాధము తనలో లేదనును. సముద్రము తనయొద్ద లేదనును. బంగారమిచ్చినను అది కొనబడదు. దాని త్రోవ దేవునికే తెలియును. ఆయన యెడల భయభక్తులు కలిగి కీడును విడుచుటయే మనుష్యునికి జ్ఞానము. ఇది ఆ అధ్యాయపు సారాంశము.

ఇందులో మేము గ్రహించినది ఏమనగా, కష్టమునకు కారణము త్రవ్వి తీయదగిన బొగ్గుపొర వంటిది కాదు. ఇంత లోతున ఉన్నదని, ఇంత మందము ఉన్నదని ఎవ్వరును కొలిచి చెప్పలేరు. యోబు స్నేహితులు ముగ్గురును మొదట ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండినారు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి, నీ పాపమే నీ కష్టమునకు కారణమని వివరింప బూనినప్పుడు చెడినారు. గ్రంథాంతమున దేవుడు తప్పుపట్టినది ఆక్రోశించిన యోబును కాదు, వివరణ చెప్పిన స్నేహితులను. దుఃఖములో ఉన్నవారి ఇంటికి వెళ్లు ప్రతివారును ఈ భేదమును జ్ఞాపకముంచుకొనవలెను.

ఒక రాత్రి

ఇక మా ఇంటి సంగతి. మేము ముగ్గురు పిల్లలము చిన్నవారము. తండ్రిగారు రెండవ షిఫ్టుకు వెళ్లినారు. షిఫ్టు విడిచి ఇల్లు చేరవలసిన వేళ దాటినది. వేళకాని వేళ సైరను మ్రోగెను. బొగ్గు కాలనీలో పుట్టినవారికి ఆ సైరను అర్థము ఎవ్వరును విప్పి చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ఇంటి దీపము వెలిగెను, తలుపులు తెరచుకొన్నవి, ఆడవారు చీరకొంగు తలమీద వేసికొని గని దారి పట్టినారు. గనిలో పైకప్పు కూలినదని, కొందరు లోపల చిక్కుకొన్నారని అక్కడ తెలిసినది.

మా తల్లి మమ్ములను వెంటబెట్టుకొని ఆఫీసు వరండాలో ఒక స్తంభము ప్రక్కన కూర్చుండినది. ఆమె ప్రక్కన మా వరుసలోనే ఉండు ముస్లిం ఇల్లాలు. ఆమెను మా తల్లి ఆపా అనియు, ఆమె మా తల్లిని అక్కా అనియు పిలుచుకొందురు. ఆమె చేతిలో తస్బీహు. మా తల్లి చేతిలో ఏమియు లేదు. బైబిలు తెచ్చుకొను తెలివి ఆ క్షణమున లేకపోయెను. ఇంకొక ఇంటి వృద్ధురాలు మట్టిలో పసుపుకుంకుమలు చల్లి సమ్మక్కను, సారలమ్మను తలచుకొనుచుండెను. ముగ్గురి పెదవులును కదలుచున్నవి. ఎవరి మాట ఎవరికిని వినబడదు. అడుగుచున్నది మాత్రము ఒక్కటే.

తెల్లవారిన తరువాత మా తండ్రిగారిని స్ట్రెచరు మీద పైకి తెచ్చినారు. కాలు విరిగినది, ప్రాణము దక్కినది. మధ్యాహ్నము ఆపా భర్తను తెచ్చినారు. ఆయనకు ప్రాణము లేదు.

ఆ ఆదివారము చర్చిలో సాక్ష్యముల సమయము వచ్చినది. దేవుడు చేసిన మేలును లేచి నిలువబడి చెప్పుట మా సంఘములలో ఆచారము. అయ్యగారు మా తల్లి వైపు చూచినారు. సంఘమంతయు చూచినది. ఆమె లేవలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట అమ్మమ్మ కోపించి, ఇంత మేలు పొంది నోరు విప్పకపోతివేమని అడిగినది. అప్పుడు మా తల్లి చెప్పిన మాట నేటికిని మా చెవులలో ఉన్నది.

"మొరపెట్టుకున్నది ఇద్దరం గదనే అవ్వా. ఆయన నా మాట విన్నడు, ఆమె మాట విన్లేదని నేను నిలబడి చెప్పాల్నా? ఆ గోడ అవతల ఆమె కూసున్నది. నాకు నోరు రాలె."

అమ్మమ్మ మారు పలుకలేదు. మేమును చాలా కాలము ఆ మాటను విశ్వాసము కొరవడిన మాటగానే ఎంచితిమి. పెద్దవారమై గ్రంథములు చదివిన మీదట అది ఎంత విశ్వాసము గల మాటయో తెలిసినది. దేవుడు తనకు మాత్రమే చెందినవాడని ఆమె అనలేదు. తన సంతోషమును పొరుగువారి శోకముపై నిలువబెట్టి దానికి సాక్ష్యమని పేరు పెట్టలేదు.

జవాబు రాని మొరలు

ప్రార్థించినవారందరు రక్షింపబడుదురనుట చరిత్ర ఒప్పుకొనదు. 1904–05 సంవత్సరములలో వేల్సు దేశములో గొప్ప ఆత్మీయ ఉజ్జీవము కలిగెను. దానికి ముందు నిలిచిన ఇవాన్ రాబర్ట్స్ బాల్యము నుండి బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఆ రోజులలో కార్మికులు గని అడుగున కూడి ప్రార్థించినారు. తిట్లు మానివేసిన తోలకగాండ్ర మాట గని గుఱ్ఱములకు అర్థము కాకపోయెనని నేటికిని కథగా చెప్పుకొందురు. అదే వేల్సులో 1913 అక్టోబరు 14న సెంగెనిద్ గనిలో ప్రేలుడు సంభవించి 439 మంది కార్మికులు మరణించినారు. ఉజ్జీవము జరిగి అప్పటికి పది సంవత్సరములైనను నిండలేదు.

మరియొక వైపు చూడుడు. 2010 ఆగస్టు 5న చిలీ దేశములో సాన్ హోసే గని కూలి 33 మంది భూగర్భమున చిక్కుకొన్నారు. 17 దినముల వరకు వారు బ్రతికియున్నట్లు పైవారికి తెలియదు. రెండు దినములకు సరిపోవు ఆహారమును పంచుకొని, హోసే హెన్రీకేజ్ అను సహచరుడు నడిపిన ప్రార్థనలో దినదినము కూడి వారు నిలిచినారు. 69 దినముల తరువాత అక్టోబరు 13న 33 మందియు వెలుపలికి వచ్చినారు. లోకమంతయు హర్షించినది.

అయితే మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్.ఈ.పి. గనిలోనికి నీరు చొరబడినప్పుడు 17 మంది కార్మికులు తిరిగిరాలేదు. వారి ఇండ్లలో ప్రార్థన కొదువైనదని చెప్పగల ధైర్యము ఎవరికున్నది? చిలీ తల్లుల మొర మన తల్లుల మొర కంటె బలమైనదా? అట్లు చెప్పువాడు యోబు స్నేహితుల కోవలోనివాడే యగును.

బైబిలు ఈ సంగతిని దాచలేదు. కీర్తనల గ్రంథములోని 150 కీర్తనలలో సుమారు మూడవ వంతు విలాపములే. వానిలో అనేకములు దుఃఖముతో ఆరంభమై స్తుతితో ముగియును. 88వ కీర్తన మాత్రము చీకటిలో ఆరంభమై చీకటిలోనే ముగియును. జవాబు రానివాని నోటికి సహితము మాటలుండవలెనని కాబోలు పెద్దలు దానిని గ్రంథమునుండి తీసివేయలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తొలగింపుమని మూడు మారులు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, దానిని భరించుటకు చాలిన కృప కలదను జవాబు వచ్చినది. యేసు క్రీస్తు గెత్సేమనే తోటలో తన యెదుటనున్న శ్రమపాత్ర తొలగిపోవలెనని కోరి, పిమ్మట తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకొనెను. ఆ పాత్ర తొలగలేదు. క్రైస్తవ విశ్వాసమునకు మధ్యనున్నది అడిగినది దొరకని ఒక ప్రార్థన. కష్టము వచ్చినప్పుడు మా ప్రార్థన వినబడలేదని క్రుంగిపోవు విశ్వాసి ఈ సంగతిని మొదట తలచుకొనవలెను.

ఇస్లాము మతములోను ఇట్టి మొరలు గలవు. ఖురానులోని అంబియా సూరాలో అయ్యూబు బాధలో దేవుని పిలిచిన సంగతియు, యూనుసు చీకట్లలోనుండి మొరపెట్టిన సంగతియు దగ్గర దగ్గరగా వచ్చును. యూనుసే బైబిలులోని యోనా. చేప కడుపు, సముద్రపు లోతు, రాత్రి అను మూడు చీకట్లని వ్యాఖ్యాతలు చెప్పుదురు. చీకటిలోనుండి పిలుచుట యనగా ఏమో మన ఊరివారికి వ్యాఖ్యానము లేకయే బోధపడును.

ప్రార్థన బేరము కాదు

ఇక ప్రార్థన యనగా ఏమో కొంత విచారింతము. మన జనులలో ప్రార్థనను బేరముగా ఎంచుట కలదు. ఇది ఇచ్చిన యెడల అది చేసెదనని మ్రొక్కుకొందురు. ఏ మతమువారైనను ఈ పొరపాటునకు అతీతులు కారు. అడుగుటయే తప్పని మేము చెప్పుట లేదు. బిడ్డ తండ్రిని అడుగును, అడుగవలెను. అయితే అడిగినది దొరకినంతసేపే తండ్రి అనుట బిడ్డతనము కాదు, వ్యాపారము.

మాకు తోచినంతలో ప్రార్థనకు మూడు ఫలములు గలవు. మొదటిది, మనస్సులోని భారమును మాటలలో పెట్టుట. దాచుకొన్న భయము లోపల కుళ్లును. చెప్పుకొన్న భయము కొంత తేలికపడును. రెండవది, తాను ఒంటరివాడను కానని తెలిసికొనుట. మూడవది, తన వైపు నుండి పరుల వైపునకు చూపు త్రిప్పుట. ఈ మూడవదానిని గూర్చి యోబు గ్రంథములో ఒక చిన్న మాట కలదు. యోబు తన స్నేహితుల కొరకు ప్రార్థించినప్పుడు దేవుడు అతని స్థితిని మార్చెనని చివరి అధ్యాయము చెప్పుచున్నది. తన పుండ్లు మానవలెనని అడిగిన వేళను గూర్చి ఆ మాట చెప్పబడలేదు.

మా తల్లి జీవితములో ఈ మాటకు అర్థము చూచినాము. సాక్ష్యము చెప్పని ఆమె ఆనాటి నుండి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆపా పిల్లల నలుగురి పేర్లను మా పేర్లకంటె ముందుగా చెప్పుట మొదలుపెట్టినది. పేర్లు చెప్పుటతో ఊరకుండలేదు. ఆపా ఇద్దత్ గడువులో ఇల్లు కదలని రోజులలో మా ఇంటి బిందెతోపాటు ఆ ఇంటి బిందెయు కుళాయి దగ్గర వరుసలో ఉండెడిది. పరిహారపు కాగితముల మీద ఏమి వ్రాసియున్నదో మా అన్న చదివి వినిపించెడివాడు. రంజాను నెలలో సహరీ వేళకు మా తల్లి గోడ మీద తట్టి ఆపాను లేపెడిది. దేవుని దగ్గర ఒకరి పేరు ప్రతిదినము పలికినవారు, పగటివేళ ఆ మనిషిని చూడనట్లు పోలేరు. ప్రార్థన పలికిన నోటినే మొదట మార్చునని మేము నేర్చుకొన్నది అక్కడనే.

ప్రార్థన, జాగ్రత్త

ప్రార్థించువాడు జాగ్రత్తను విడుచునను అపోహ కొందరికి కలదు. గని పని ఎరిగినవారు ఈ మాట అనరు. పనిచోటికి చేరిన అనుభవజ్ఞుడు ముందుగా కఱ్ఱతోనో కడ్డీతోనో పైకప్పును తట్టి చూచును. గట్టి బండ ఖంగుమనును; పట్టు విడిచిన బండ డొల్లగా పలుకును. ఆ డొల్ల శబ్దము విన్నచోట ఆధారము పెట్టక, బండను దించక ముందునకు పోరాదు. పూర్వము సేఫ్టీ దీపపు మంటపై నీలిరంగు టోపీ వంటి వెలుగు కనబడిన యెడల మండెడి వాయువు ఉన్నట్లు గుర్తించెడివారు. వినుట, చూచుట, ఆగుట: ఇవి గనిలో ప్రాణము కాపాడు విద్యలు. ప్రార్థనలోను ఈ మూడే కావలెను.

నెహెమ్యా యెరూషలేము గోడలు కట్టించునప్పుడు శత్రుభయము కలుగగా దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలివారిని కూడ నియమించెను. ఒంటెను కట్టివేసి పిమ్మట దేవునిపై భారము వేయుమను ప్రవక్త బోధను ముస్లిం మిత్రులు ఎరుగుదురు. చిలీలో లోపలివారు ప్రార్థించుచుండగా పైన ఇంజనీర్లు రాత్రింబగళ్లు బోర్లు వేసినారు. కావున గని భద్రతను గూర్చి అడుగుట, నియమములను పాటింపుమని కోరుట, పాటించుట కూడ ప్రార్థనలో భాగమే. ఆధారము పెట్టవలసినచోట పెట్టక, జరిగినదానిని దైవనిర్ణయమని త్రోసివేయుట భక్తి కాదు. అది దేవుని పేరు మీద నెపము వేయుట.

పెద్ద ప్రమాదము కాని కష్టములు

ప్రమాదములను గూర్చి పత్రికలు వ్రాయును. పత్రికలకెక్కని కష్టములు ఇంకను ఎక్కువ. జీతము చేతికి వచ్చిన దినముననే అప్పులవాడు గని ద్వారముకడ నిలుచుట, దుమ్ముతో వచ్చు దగ్గు, ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చుట, తండ్రి ఉద్యోగము కొడుకునకు వచ్చునా రాదా యను ఎదురుచూపు: ఇవి దినదిన మరణములు. 1990 దశకపు ఆరంభములో లక్షకు పైబడి కార్మికులున్న ఈ సంస్థలో నేడు అందులో సగము కంటె తక్కువ మంది ఉన్నారు. యంత్రములు, ఓపెన్‌కాస్టులు వచ్చినవి. పని తగ్గిన ఇండ్లలో పగలే నిశ్శబ్దము పెరిగినది.

సారా చేసిన కీడు మరియొకటి. దూబగుంట స్త్రీల ఉద్యమము ఫలించి 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారా నిషేధింపబడినది. దానికి ముందు ఎందరో తల్లులు గృహ ప్రార్థన కూటములలో కన్నీటితో అడిగినది భర్తల త్రాగుడు మానవలెననియే. కొందరు మానినారు. కొందరు మానలేదు. మానిన ఇండ్లలో కూడ అది ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతము కాదు. మాటిమాటికి పడి, మాటిమాటికి లేచి, ప్రక్కవారు విసుగక చేయిపట్టగా జరిగిన పని. ఓర్పు అను మాటకు ఉర్దూలో సబర్ అను చక్కని పదము కలదు. క్రైస్తవ గ్రంథములలో నిరీక్షణ అను పదము కలదు. ఒకటి భరించుటను, మరొకటి ఎదురుచూచుటను చెప్పును. కష్టములో ఉన్న మనిషికి రెండును కావలెను.

ముగింపు

మొదట వేసికొన్న ప్రశ్నకు తిరిగి వత్తము. ఇద్దరు స్త్రీల మొరలలో ఒకటి ఫలించి ఒకటి ఫలింపకపోవుటకు కారణమేమి? మాకు జవాబు దొరకలేదు. యోబునకు సహితము కారణము చెప్పబడలేదు. అయితే కారణము తెలియకయే జీవింపవచ్చుననియు, ప్రేమింపవచ్చుననియు మా ఇంటి వరుసలో చూచినాము.

మా తండ్రిగారు కాలు కుదిరిన తరువాత కొంత కుంటుచునే తిరిగి పనికి వెళ్లినారు. ఆపా పెద్దకుమారునికి తండ్రి స్థానములో ఉద్యోగము వచ్చినది. అతడు మొదటి దినము గనిలోనికి దిగు ముందు మా గుమ్మము దగ్గర ఆగెను. మా తల్లి అతని తలమీద చేయి ఉంచి పెదవులు కదిపినది. లోపలినుండి ఆపా కూడ పెదవులు కదుపుచునే ఉన్నది. మా తండ్రిగారు మాత్రము, "పైన తట్టి చూడు బిడ్డా. డొల్ల మోగితే కాలు పెట్టకు" అన్నారు. ఆ మూడును మాకు ప్రార్థనలుగానే వినబడినవి.

విద్యార్థి మిత్రులారా, మీలో అనేకులు ఈ నల్లనేల బిడ్డలు. మీరు ఏ దిక్కునకు తిరిగి మోకరించినను, ఏ భాషలో మొరపెట్టుకొన్నను, నేటి రాత్రి మీ ప్రార్థనలో మీ ఇంటి పేర్లతోపాటు ప్రక్కింటి పేరు ఒకటి చేర్చుడు. తెల్లవారిన తరువాత ఆ గడప దగ్గర ఒక్క నిమిషము ఆగి, ఎట్లున్నారని అడుగుడు.